పాలపండ్లును ప్రభుత్వధర్మమును

జాతిబలమును గూర్చి మాటాడునప్పుడు మనము సేనలను, కర్మాగారములను, పంటపొలములను లెక్కించుచుందుము. అయిదేండ్ల బిడ్డ నోరు తెఱపించి చూచువారు మాత్రము కొలదిమంది. మన ప్రజారోగ్యవిధానము యొక్క నిజస్వరూపము ఆ చిన్ని నోటిలోనే కనబడును. 2002-03 సంవత్సరములలో భారత దంతవైద్యమండలి దేశమంతట జరిపించిన పరిశీలనలో అయిదేండ్ల పిల్లలలో సగమునకు పైగా పిప్పిపండ్లు గలవారని తేలెను. ప్రపంచారోగ్యసంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారము పాలపండ్లు పుచ్చిన బిడ్డలు భూమండలమున 51 కోట్ల 40 లక్షలమంది. ఇంతమందిని పీడించు వ్యాధిని గూర్చియు, తక్కిన నోటివ్యాధులను గూర్చియు ఆలోచించుటకై లోకములోని పెక్కు ప్రభుత్వములు బ్యాంకాకు నగరమున మొదటిమాఱు సమావేశమగుటకు 2024 నవంబరు వఱకు పట్టినది. ప్రాణము తీయని వ్యాధి పాలకుల నిద్రను చెఱుపదు. బిడ్డల నిద్రను మాత్రము చెఱుపును.

ఈ యుపేక్షకు మూలము మన యిండ్లలో తరతరములుగా వినవచ్చు నొక మాట: “పాలపండ్లే కదా, యెట్లును రాలిపోవును.” రాలిన పన్నును పేడముద్దలో పెట్టి యింటికప్పుపైకి విసరుట మన పల్లెలలో పిల్లలకొక వేడుక. ఆ వేడుకను మేము కాదనము. కాని కాలము వచ్చి రాలుట వేఱు. పుచ్చి, చీముపట్టి, పీకివేయబడుట వేఱు. పాలపండ్లు ఇరువది. ఇంచుమించు ఆఱవ నెలలో మొదలిడి రెండున్నర సంవత్సరములు నిండుసరికి అవి యన్నియు మొలచును. ముందరిపండ్లు ఆఱేడేండ్లకు కదలును గాని వెనుకనున్న దవడపండ్లు పది పండ్రెండేండ్ల వఱకు నిలువవలసినవి. బిడ్డ యెదుగు వయస్సంతయు అన్నము నమలునది వానితోనే. మాట స్పష్టముగా పలుక నేర్చునది వానితోనే. రాబోవు శాశ్వతదంతమునకు చోటు కాచియుంచునదియు పాలపన్నే. అది యకాలమున నూడినచో ప్రక్కపండ్లు ఆ ఖాళీలోనికి జరిగి, క్రొత్తపన్ను దారితప్పి వంకరగా మొలచును. చీముపట్టిన పాలపన్ను తన క్రింద పెరుగుచున్న శాశ్వతదంతపు మొలకను సైతము చెఱుపగలదు. కావున “రాలిపోవునవి” యను మాట సగము సత్యము. సగము సత్యము సంపూర్ణాసత్యముకంటె నెక్కువ చేటు చేయును.

నొప్పిని చెప్పుకొనలేని వయస్సున వచ్చు వ్యాధి యిది. రెండేండ్ల బిడ్డ పన్ను నొచ్చుచున్నదని చెప్పడు. అన్నము వలదని మారాము చేయును; ఒక ప్రక్కనే నమలును; రాత్రి యుండియుండి యేడ్చును. తల్లి దిష్టి తగిలినదనుకొనును, తండ్రి మొండితనమనుకొనును. బడికి పోవు బిడ్డయైనచో పాఠము చెవికెక్కదు. ఉపాధ్యాయుడు మందబుద్ధి యనుకొనును. బిడ్డ చేయని నేరమున కెల్లరును తీర్పు చెప్పుదురు గాని నోరు తెఱపించి దీపపు వెలుగున చూచువారుండరు.

వ్యాధికి కారణము రహస్యమేమియు కాదు. నోటిలో నివసించు సూక్ష్మజీవులు మనము తిను చక్కెరను ఆమ్లముగా మార్చును. ఆ యామ్లము పంటిపై నున్న గట్టిపొరలోని ఖనిజములను కరగించును. లాలాజలము మెల్లమెల్లగా ఆ నష్టమును పూడ్చుచుండును. ఫ్లోరైడు తోడైనచో ఆ పూడ్పు మఱింత గట్టిపడును. ఇట్లు ప్రతిదినము ప్రతిపంటిపై కరగుటకును పూడుటకును పోరాటము జరుగుచున్నది. ఎంత చక్కెర తింటిమనుట యెంత ముఖ్యమో దినమున కెన్నిమాఱులు తింటిమనుటయు నంత ముఖ్యము. గంటకొక బిస్కత్తు కొఱికించినచో లాలాజలమునకు పని ముగించు నవకాశమే చిక్కదు. నిదురబుచ్చుటకై చక్కెర కలిపిన పాలసీసాను నోటికందించుట యన్నిటికంటె చెఱుపు. ఏలయన నిద్రలో లాలాజలము తగ్గిపోవును. తీపి పాలు పైవరుస ముందరిపండ్లను రాత్రియంతయు తడుపుచుండును. పండ్లపై చిగురుదగ్గఱ సున్నపు గీతవంటి తెల్లమచ్చ కనబడుట మొదటి సూచన. ఆ దశలో వ్యాధిని వెనుకకు మరలింపవచ్చును. నల్లని గుంట పడిన తరువాత పూడ్చవలసినదే. నొప్పి పుట్టిన తరువాత మిగులు మార్గములు తక్కువ. మనవారు దంతవైద్యునికడకు పోవునది మాత్ర మీ కడపటి దశలోనే.

దీని ఫలము మఱొకటి కలదు. బిడ్డ దంతవైద్యుని మొదట చూచునది నొప్పితో. మొదట నెఱుగునది సూది, పట్టకారు, రక్తము. ఆ భయము వాని వెంట ముదిమి వఱకు నడచును. అట్టివాడు తన బిడ్డనుగూడ నొప్పి భరింపరానిదైనప్పుడే కొనిపోవును. ఇట్లు భయము వంశపారంపర్యమగుచున్నది. మొదటి పన్ను మొలచిన తరువాత, మొదటి పుట్టినదినము లోపలనే బిడ్డను దంతవైద్యునికి చూపవలెనని అమెరికాలోని పిల్లల దంతవైద్యుల సంఘమును, శిశువైద్యుల సంఘమును చెప్పుచున్నవి. మనలో ననేకుల కిది వింతగా తోచవచ్చును. ఏడాది బిడ్డకు చేయు చికిత్స యేమున్నదని యడుగుదురు. నిజమే, చికిత్స స్వల్పము. అప్పుడు నేర్పవలసినది తల్లికి: ఎట్లు తోమవలెను, ఏమి పెట్టవలెను, ఏ మచ్చను చూచి జాగ్రత్తపడవలెను అనునది. అన్నప్రాశనమున కొక ముహూర్తము పెట్టుకొను జాతికి దంతదర్శనమున కొక దినము పెట్టుకొనుట భారము కానేరదు.

మన ప్రభుత్వము లేమియు చేయలేదనుట న్యాయము కాదు. స్వరాజ్యము వచ్చిన మఱుసటి సంవత్సరమున, 1948లో, దంతవైద్యుల చట్టము చేయబడినది. 2013 ఫిబ్రవరిలో రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము ఆరంభింపబడినది. ఆ పథకము ప్రకారము సంచారవైద్యబృందములు అంగన్‌వాడీ పిల్లలను ఏటికి రెండుమాఱులును, ప్రభుత్వపాఠశాలల పిల్లలను ఏటికొకమాఱును పరీక్షింపవలెను. పరీక్షింపవలసిన వ్యాధుల పట్టికలో దంతవ్యాధులును కలవు. 2014లో జాతీయ నోటియారోగ్య కార్యక్రమము మొదలైనది. 2018 నుండి యేర్పడుచు వచ్చిన ఆరోగ్య స్వస్థతా కేంద్రముల సేవలలో నోటి సంరక్షణయు చేర్చబడినది. కాగితముపై నిది చక్కని మాల. పూవు లున్నవి, దారము లేదు. సంచారబృందమునకు నిర్ణయింపబడినవారు ఇద్దఱు ఆయుష్ వైద్యులు, ఒక ఫార్మసిస్టు, ఒక నర్సు. దంతవైద్యుడు వారిలో లేడు. పుచ్చిన పన్నును వారు గుర్తింతురు, చీటి వ్రాయుదురు, జిల్లాకేంద్రమునకు పొమ్మందురు. కూలి మానుకొని, బస్సుఖర్చు పెట్టుకొని, నొప్పి లేని పంటికొఱకు బిడ్డను జిల్లాకేంద్రమునకు తీసికొనిపోవు తల్లి యెందుండును? గుర్తించుటకును నయము చేయుటకును నడుమనున్న యా దూరమున నెన్నియో పండ్లు పుచ్చిపోవుచున్నవి. లెక్క వ్రాసినంతమాత్రమున రోగము తీఱదు.

వైద్యులు లేరందుమా? అది యంతకంటె వింత. 1920లో డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మదు కలకత్తాలో నొక దంతవైద్యకళాశాలను నెలకొల్పినప్పుడు దేశమునకదియే మొదటిది. నేడు దేశమున 300కు పైగా దంతవైద్యకళాశాల లున్నవి. వానిలో ఏటేట 25 వేలకు పైగా సీట్లున్నవి. అందు చాలభాగము ప్రయివేటువి. పట్టభద్రులైన యువకులు పట్టణములలో నొకే వీధిలో నాలుగేసి బోర్డులు గట్టుకొని రోగులకై యెదురుచూచుచున్నారు. పది మైళ్ల దూరముననున్న పల్లెలో పన్ను పీకు నాటువైద్యునికి తీఱిక లేదు. కొఱత వైద్యులలో కాదు, వారిని బిడ్డలకడకు చేర్చు నేర్పాటులో నున్నది. లక్షలు వ్యయపఱచి చదివినవాడు తన ధనమును తిరిగి రాబట్టు చోటికే పోవును. అది వాని దోషముకంటె, విద్యను విక్రయవస్తువుగా జేసిన విధానముయొక్క దోషము.

ఇతర దేశముల చరిత్ర మనకు రెండు పాఠములను నేర్పుచున్నది. ధనమున్నంతమాత్రమున పండ్లు నిలువవనుట మొదటిది. సంపన్నమైన ఇంగ్లండులో అయిదు మొదలు తొమ్మిదేండ్ల పిల్లలు ఆసుపత్రిలో చేరుటకు అతి సాధారణమైన కారణము పుచ్చిన పండ్లు. నియమబద్ధమైన యేర్పాటున్నచో స్వల్పసాధనములతోనే కార్యము సిద్ధించుననుట రెండవది. న్యూజీలండువారు 1921లోనే యువతులకు శిక్షణమును మొదలిడి, పిమ్మట వారిని పాఠశాలలకు దంతనర్సులనుగా పంపిరి. వైద్యుని కొఱకు బిడ్డ వెదకికొనుటకు మాఱుగ చికిత్సయే బడికి వచ్చెను. స్కాట్లండులో శిశుశాలలయందు పిల్లలందఱు ప్రతిదినము పెద్దల పర్యవేక్షణలో పండ్లు తోముకొను పద్ధతిని నెలకొల్పిరి. 2006 నుండి ‘చైల్డ్‌స్మైల్’ అను పథకముక్రింద దానిని విస్తరించిరి. 2003లో అచ్చట మొదటి తరగతి పిల్లలలో పైకి కనబడు పిప్పిపన్ను లేనివారు నూటికి 45 మంది. 2018 నాటికి 71 మంది. శిశుశాలలలో తోమించుటకైన వ్యయముకంటె, తప్పిన చికిత్సలవలన కొన్ని యేండ్లలోనే మిగిలిన ధనము రెట్టింపునకు మించినదని అచ్చటి లెక్కలు చూపినవి. జపానులో ఏడాదిన్నర వయస్సునను, మూడేండ్ల వయస్సునను జరుగు శిశుపరీక్షలలో దంతపరీక్షయు నొక భాగము. ధనిక దేశముల మాట మనకేల యనువారు ఫిలిప్పీనులను చూతురుగాక. అచ్చటి ప్రభుత్వపాఠశాలలలో పిల్లలు బారులుగ నిలిచి చేతులు కడుగుకొని పండ్లు తోముకొను పద్ధతి యమలులోనికి వచ్చినది. దానికి కావలసినవి నీరు, బ్రష్షు, కొంచెము పేస్టు, ఒక ఉపాధ్యాయుని యాజ్ఞ.

ఫ్లోరైడు పేరు వినగనే తెలుగువారి గుండె యదరుట సహజము. ఆ పదార్థమువలని వ్యాధిని భారతదేశమున మొదట వర్ణించినది మన నేలపైననే. 1937లో నాటి చెన్నరాజధానిలోని నెల్లూరు జిల్లాలో షార్టు మొదలగు వైద్యులు దానిని గుర్తించిరి. నల్లగొండ జిల్లాలో వంగిపోయిన వెన్నెముకలు మనమెఱిగినవే. పటిక, సున్నములతో నీటినుండి ఫ్లోరైడును తొలగించు విధానమునకు ‘నల్లగొండ పద్ధతి’ యను పేరు నిలుచుటయు ఆ దుఃఖమునకు గుర్తు. అయినను రెంటికిని భేదము నెఱుగవలెను. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడును ఏండ్ల తరబడి త్రాగుట విషము. పంటిపై పూసి ఉమ్మివేయు కొలది ఫ్లోరైడు కవచము. ఉప్పు లేనిచో కూడు చప్పన, ఎక్కువైనచో నోట పెట్టరాదు. మూడేండ్ల లోపు బిడ్డకు బియ్యపుగింజంత, మూడు మొదలు ఆఱేండ్ల బిడ్డకు బఠానీగింజంత పేస్టు చాలును. ప్రకటనలలో చూపునట్లు బ్రష్షు పొడవునను పఱచుట తగదు. నీట ఫ్లోరైడు మిక్కుటముగ నున్న గ్రామములలో మంచినీరు మొదట నీయవలెను. అచ్చటి పిల్లలకు పేస్టు విషయమున దంతవైద్యుని సలహా పొందవలెను. ఇందులకై గ్రామగ్రామమున నీటి లెక్కయు దంతముల లెక్కయు నొకే పుస్తకమున నుండుట యావశ్యకము.

మన పూర్వులు దంతధావనమును దినచర్యలో మొదట నిలిపిరి. వేపపుల్ల మన కగౌరవము కాదు. కాని రెండేండ్ల బిడ్డ పుల్ల నమలజాలడు. బొగ్గుపొడియు, ఇటుకపొడియు లేతపండ్లను అరగదీయును. ఆచారమునందలి ప్రాణము పుల్లయందు లేదు, ప్రతిదినము తప్పకుండుటయందున్నది. ఆ ప్రాణమును నిలుపుకొని సాధనమును మార్చుకొనుట పూర్వులకు ద్రోహము కాదు. మఱియు పూర్వుల పండ్లు గట్టివనువారు పూర్వుల చక్కెరయెంతయో కూడ లెక్కింపవలెను. నేడు మారుమూల గ్రామమున మందులంగడి లేకున్నను, రంగురంగుల పొట్లములలో తీపి వస్తువులు వ్రేలాడు కొట్టు తప్పక యుండును. ప్రపంచారోగ్యసంస్థ 2015లో, మనము పొందు శక్తిలో పదవవంతునకు లోపలనే చేర్చుడు చక్కెరలుండవలెననియు, అందులో సగమునకు తగ్గించుట మఱింత మేలనియు సూచించెను. బడిగుమ్మముకడ నమ్ముడగునవి ఆ సూచనకు సవాలు చేయుచున్నవి.

మఱి చేయదగిన దేమి? మొదటిది, అంగన్‌వాడీలో నిత్యదంతధావనము. ఆంధ్రప్రదేశమున సుమారు 55 వేలును, తెలంగాణమున సుమారు 35 వేలును అంగన్‌వాడీ కేంద్రములు లెక్కకు వచ్చినవి. 1975లో దేశమున మొదలైన యీ యేర్పాటు చేరని గ్రామము లరుదు. భోజనానంతరము ప్రతి బిడ్డయు తన పేరుగల బ్రష్షుతో తోముకొనుటకు పది నిమిషములు చాలును. 2025 సెప్టెంబరు 22 నుండి టూత్‌పేస్టుపైనను బ్రష్షుపైనను వస్తుసేవల పన్ను నూటికి 18 నుండి 5కు తగ్గింపబడినది. ఇది మంచి యవకాశము. రెండవది, ఆఱునెలల కొకమాఱు ఫ్లోరైడు పూత. దానిని పూయుటకు కుర్చీయు యంత్రమును అక్కఱలేదు.

మూడవది, చికిత్స గ్రామమునకే వచ్చుట. 1980 దశాబ్దమున టాంజానియాలో రూపొందిన విధానమొకటి కలదు: చేతిపనిముట్లతో పుచ్చును తొలగించి గ్లాస్ అయొనోమర్ సిమెంటుతో పూడ్చుట. దీనికి విద్యుత్తును, సాధారణముగ సూదియు నక్కఱలేదు. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడను ద్రావకమును పూసి పుచ్చు వ్యాపింపకుండ నిలుపవచ్చును. పుచ్చినచోటు నల్లబడును గనుక తల్లిదండ్రులకు ముందుగ చెప్పి యొప్పించవలెను. ఈ రెంటిని, ఫ్లోరైడుతోపాటు, 2021లో ప్రపంచారోగ్యసంస్థ అత్యావశ్యక ఔషధముల పట్టికలో చేర్చినది. నాలుగవది, ఆఱేండ్ల దవడపంటి రక్షణ. ఈ శాశ్వతదంతము ఏ పాలపన్నును త్రోయక, వరుస చివర నిశ్శబ్దముగ మొలచును. అందుచే తల్లిదండ్రులు దానినిగూడ పాలపన్నేయని భ్రమించి యుపేక్షింతురు. అది పోయినచో మరల రాదు. ఒకటవ, రెండవ తరగతులలోనే దాని గుంటలను సీలుచేయించుట పాఠశాల వైద్యపరీక్షలో భాగము కావలెను.

అయిదవది, మనుష్యులు. ప్రతి దంతవైద్యకళాశాలయు, హైదరాబాదు, విజయవాడ, కడపలలోని ప్రభుత్వ కళాశాలలు మొదలుకొని, కొన్ని మండలముల పిల్లల భారమును వహింపవలెను. విద్యార్థుల శిక్షణలో ప్రజాదంతారోగ్యసేవ యిప్పటికే యొక భాగము. అది యొకనాటి శిబిరముగ, ఛాయాచిత్రములతో ముగియక, అదే గ్రామమునకు అదే కళాశాల మరలమరల పోవు నియమముగ మారవలెను. 1948 నాటి చట్టము గుర్తించిన దంతహైజీనిస్టులను శిక్షణమిచ్చి సంచారబృందములలో చేర్చినచో చీటి వ్రాయుట తగ్గి చికిత్స పెరుగును.

ధనమెక్కడిదని యడుగువారుందురు. కన్నుల విషయమున తెలంగాణము 2018 ఆగస్టు 15న ‘కంటివెలుగు’ను మొదలిడి ఊరూర పరీక్షలు చేసి అద్దములిచ్చినది. ఆంధ్రప్రదేశము 2019 అక్టోబరులో అదే పేరిటి పథకమును బడిపిల్లలతోనే యారంభించినది. ప్రభుత్వములు తలచినచో బడివఱకు నడచి రాగలవని నిరూపితమైనది గనుక, రాలేమనుట యిక చెల్లదు. బక్కచిక్కిన బిడ్డలకు తిండి ముందుగాని పండ్లు కాదనువారును ఉందురు. నమలలేని నోటికి గ్రుడ్డును పప్పును పెట్టి ప్రయోజనమేమి? పోషణమునకు ద్వారపాలకు డగు పంటిని విడిచి పోషణమును గూర్చి మాటాడుట తలుపు మూసి చుట్టమును పిలుచుట వంటిది.

తల్లిదండ్రుల విధి ప్రభుత్వవిధికి ప్రత్యామ్నాయము కాదు, దానికి తోడు. ఏడెనిమిదేండ్లు వచ్చువఱకు బిడ్డ తనంతట బాగుగ తోముకొనలేడు. పెద్దల చేయి తోడు కావలెను. ఉదయమొకమాఱు, నిద్రకు ముందొకమాఱు. రాత్రి తోమిన పిమ్మట నీరు దప్ప మఱేమియు నీయరాదు. తోమిన తరువాత ఉమ్మివేయవలెను గాని పలుమాఱులు పుక్కిలించి యంతయు కడిగివేయరాదు. పేస్టు కొనునపుడు బొమ్మను చూడక ఫ్లోరైడు పరిమాణమును చూడవలెను. పిల్లలకని యమ్ము కొన్నిటిలో నది చాల తక్కువ, కొన్నిటిలో లేనేలేదు. పన్ను నొచ్చినను నొవ్వకున్నను ఆఱునెలలకో, ఏడాదికో వైద్యునికి చూపుట యింటి నియమము కావలెను. ఇంత చేయుటకు ధనికుడు కానక్కఱలేదు. కాని దినకూలికి పోవు తల్లికి తీఱికయు, వైద్యుడును, మాటచెప్పు మనిషియు దగ్గఱలో నుండవలెను. అచ్చటనే ప్రభుత్వధర్మము మొదలగును.

స్వరాజ్యమును కోరిన తరము దానిని జెండా మార్చుకొనుటకే కోరలేదు. తన బాధను తాను చెప్పుకొనలేని ప్రతివానికి, చెప్పకయే వినబడు ప్రభుత్వము కావలెనని కోరినది. నోరుండియు తన నొప్పిని పలుకజాలని పసిబిడ్డకంటె అట్టి ప్రభుత్వమున కర్హు డెవ్వడు? ఉభయరాష్ట్రముల ఆరోగ్యమంత్రులును, శిశుసంక్షేమశాఖలవారును రాబోవు బడి సంవత్సరమునకు ముందే యొక్కొక్క జిల్లానైన నెన్నుకొని, అంగన్‌వాడీలలో దంతధావనమును, ఆఱునెలల పూతను, గ్రామమునకు వచ్చు చికిత్సను ఒక్కటిగ కూర్చి నడిపి, మూడేండ్ల పిమ్మట పిల్లల పండ్లను మరల లెక్కించి ఫలితమును ప్రజలముందు పెట్టవలెనని మేము కోరుచున్నాము. మొక్కై వంగనిది మానై వంగదు; పాలపంటికాలమున నేర్వని నియమము ముదిపంటికాలమున నేర్వబడదు. లెక్కింపబడిన బిడ్డలు చాలమంది కలరు. నయము చేయబడిన బిడ్డల లెక్కను ఈ పత్రికలో ప్రకటించు భాగ్యము మాకు త్వరలో కలుగుగాక.